పాదాలు ఎక్కడున్నాయో తెలియని రోజులు

ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది ఫ్రాన్స్‌లో, ఒక సొరంగంలో. బర్గండీ పల్లెల మధ్య పాత రైలు పట్టాలు తీసేసి, తారు వేసి, సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ వదిలేసిన దారి అది. కార్లు రావు. అలాంటి దారిని అక్కడ వోయ్ వెర్త్ అంటారు, ఆకుపచ్చ దారి అని. ఒకప్పుడు రైలు దూరి వెళ్ళిన సొరంగం ఇప్పుడు సైకిళ్ళది. పొద్దున్నించి తిన్నగా తొక్కుకుంటూ వచ్చినవాణ్ణి, అందులోకి కొద్ది దూరం వెళ్ళేసరికి కుడి గోడకేసి వెళ్ళిపోయాను. సర్దుకోబోతే ఎడమ గోడకేసి. దీపాలు ఉన్నాయి కానీ మసక. నా కాళ్ళు పెడల్స్ మీద ఉన్నాయో లేవో నాకు తెలియడం లేదు. భయం వేసింది కానీ దేనికి భయపడుతున్నానో అర్థం కాలేదు.

వెనకనుంచి మా అమ్మాయి సింధు కేక వేసింది. "నాన్నా! యు ఆర్ ఆల్ ఓవర్ ద ప్లేస్!"

దిగి, సైకిలు పట్టుకుని, గోడను తడుముకుంటూ బయటికి నడిచాను. ఎండలోకి రాగానే అంతా మామూలే. మళ్ళీ ఎక్కితే తిన్నగానే వెళ్ళింది.

"కళ్ళజోడు మార్చాలేమో," అన్నాను.

"కళ్ళజోడా?" అంది సింధు. ఆ రోజుల్లో మేమిద్దరం ఒకరినొకరు ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్ళం కాదు.

మేము అక్కడికి వెళ్ళింది నా భార్య వసుధ కోసం. అంతకు ముందటి చలికాలంలో ఆమె కాన్సర్‌తో పోయింది. ఆ జబ్బు సంగతి ఇక్కడ రాయను. ఇది నా కాళ్ళ గురించి. కానీ ఆ దారుల్లోకి మమ్మల్ని తీసుకువెళ్ళింది ఎవరో చెప్పాలి. వసుధ విజయనగరంలో సైకిలు మీద బడికి వెళ్ళిన మనిషి. ఐర్లండు వచ్చాక కూడా తొక్కేది. ఇక్కడి పల్లె రోడ్లకు రెండు పక్కలా మనిషెత్తు పొదలు, అడుగడుక్కీ మలుపులు. ఒకసారి లారీ అద్దం ఆమె జాకెట్ చేతిని రాసుకుంటూ పోయింది. ఇంటికి వచ్చి సైకిలు గోడకి ఆనించి, "ఈ రోడ్ల మీద నేను తొక్కను బాబూ. నేను పోతే పిల్లకి జడ ఎవరేస్తారు?" అంది. అప్పుడు సింధుకి ఎనిమిదేళ్ళు.

పిల్ల పెద్దయ్యాక ఆమె ఫ్రాన్స్ మ్యాపులు చూడటం మొదలుపెట్టింది. పెద్ద రోడ్లకు ఎరుపు, పసుపు రంగులుంటాయి. సన్నటి తెల్ల గీతలుగా ఉన్న రోడ్లు చూడమనేది. వాటి మీద గంటకో ట్రాక్టరు, రొట్టెల వ్యాను తప్ప ఏమీ రావు. కాలవ గట్ల దారులు, పాత రైలు దారులు ఆమెకు కంఠతా వచ్చేవి. ఊళ్ళో కొట్లు మూసి ఉంటే సీసాల్లో నీళ్ళు సమాధుల తోటలో పట్టుకోవచ్చునని ఆమే కనిపెట్టింది. ప్రతి తోటలో పూలకు పోయడానికి కుళాయి ఉంటుంది. తాగవచ్చో కూడదో బోర్డు చూసుకోవాలి, అంతే. అలా రెండు వేసవులు వెళ్ళాం. మూడో వేసవికి ఆమె గీసుకున్న దారి మీద నేనూ సింధూ వెళ్ళాం.

డబ్లిన్ తిరిగి వచ్చాక చెర్రీవుడ్‌లోని మా ఫ్లాట్‌లో చిన్న చిన్నవి జరగసాగాయి. పొద్దున మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే ఒళ్ళు ముందుకు తూలేది. ఒక చేత్తో సింకు పట్టుకుని, రెండో చేత్తో మొహం కడుక్కోవడం అలవాటైపోయింది. పాదాలకు ఎప్పుడూ మందపాటి మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉండేది. ఒక రోజు వంటింట్లోకి వచ్చి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది హాల్లో ఎక్కడో ఊడిపోయింది. ఊడిన సంగతే నాకు తెలియలేదు.

దుఃఖంలో ఉన్న మనిషికి ఒక సదుపాయం ఉంది. ఏం జరిగినా దుఃఖం ఖాతాలో వేసేయవచ్చు. నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, మతిమరుపు, నీరసం, ఇప్పుడు తూలడం. నేనూ అలాగే వేశాను. సింధు ఉద్యోగం కిల్కెన్నీలో, బడిలో టీచరు. వారానికోసారి వచ్చేది. ఆమె పోరు పడలేక జీపీ దగ్గరికి, అంటే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి, వెళ్ళాను.

జీపీ నెమ్మదస్తుడు. నాకు చాలా ఏళ్ళుగా షుగర్ ఉందని, మెట్‌ఫార్మిన్ వేసుకుంటానని ఆయనకు తెలుసు. సూదితో పాదాలు గుచ్చి చూశాడు. "డయాబెటిక్ న్యూరోపతీ అయి ఉంటుంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం," అన్నాడు. రక్తపరీక్షలు రాశాడు. అవి వచ్చాక ఫోన్ చేశాడు. "మోస్ట్‌లీ గ్రాండ్. బి12 నార్మల్‌లోనే ఉంది, కాస్త కింది వైపు. మీరు వెజిటేరియన్ కదా, ఎప్పటిలాగే?"

"ఎప్పటిలాగే," అన్నాను.

నా మనసులో అది నిజం. నాకు చదివే అలవాటు ఎక్కువ. డయాబెటిక్ న్యూరోపతీ గురించి దొరికిందల్లా చదివాను. చదివిన ప్రతి లక్షణం నాలో కనిపించింది. పేరు తెలిసిపోయాక మనిషి ఇంక వెతకడు. షుగర్ తగ్గించడానికి అన్నం తగ్గించాను, నడక పెంచాను.

నడక పెంచడం వల్లే గార్డుల, అంటే ఇక్కడి పోలీసుల, చేతికి చిక్కాను. చలికాలం. ఆఫీసు నుంచి వస్తూ లువాస్ ట్రామ్ దిగేసరికి బాగా చీకటి పడింది. స్టాపు నుంచి ఇంటికి వెళ్ళే బాటలో నేను నడుస్తున్న తీరు చూసి ఒక కుర్ర గార్డు పక్కకొచ్చి ఆగాడు.

"ఆర్ యు ఆల్‌రైట్ దేర్, సర్? ఏమైనా పుచ్చుకున్నారా?" అని అడిగాడు.

"నేను తాగనండీ," అన్నాను.

"అస్సలు?"

"టీ తాగాను."

"టీ తాగి ఇలా నడిచేవాణ్ణి నేను చూడలేదు."

"పాలు లేని టీ," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"పాలు లేకుండానా? అయితే అదే కారణం," అని నవ్వి, నా మోచేయి పట్టుకుని మా బిల్డింగు తలుపు దాకా దిగబెట్టాడు. నేనూ నవ్వాను. లిఫ్టులో ఒక్కణ్ణే అయ్యాక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తాగుబోతులా కనిపిస్తున్నానన్నమాట. ఇంకొన్నాళ్ళకు ఒంటరిగా ఉండలేను. సింధు ఉద్యోగం మానుకుని రావాలి, లేదా నేను ఆమె ఒక్క గది ఇంట్లోకి వెళ్ళాలి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, తల్లిని అప్పుడే పోగొట్టుకున్న పిల్ల. ఆమె మీద పడకూడదనేది ఆ రోజు నుంచి నాకున్న ఒకే ఒక్క కోరిక.

ఆ నెలలోనే ఆఫీసు మెట్ల మీద పడ్డాను. ఎముక విరగలేదు కానీ లేచి నిలబడితే మోకాళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. అంబులెన్స్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఖాళీ మంచం లేక ఒక రాత్రంతా ట్రాలీ మీదే. మర్నాడు వార్డులో న్యూరాలజిస్టు వచ్చింది. నడివయసు మనిషి, కార్క్ ఊరి యాస. సింధు అప్పటికే కిల్కెన్నీ నుంచి వచ్చి మంచం పక్కన కోటు విప్పకుండా కూర్చుని ఉంది.

డాక్టరు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా కాలి బొటనవేలి మీద పెట్టింది. "అదురు తెలుస్తోందా?"

"లేదు."

చీలమండ మీద పెట్టింది. లేదు. మోకాలి మీద పెడితే దూరంగా ఏదో తెలిసింది. తర్వాత కళ్ళు మూసుకోమని, నా బొటనవేలు పట్టుకుని పైకీ కిందికీ కదుపుతూ, ఎటు వెళ్ళిందో చెప్పమంది. పైకి అన్నాను. కిందికి అన్నాను. మళ్ళీ పైకి. పరీక్ష రాసే పిల్లవాడిలా ఊహించి చెబుతున్నాను. కళ్ళు తెరిచేసరికి సింధు కిటికీకేసి తిరిగి ఉంది.

పాదాలు దగ్గర పెట్టి నిలబడమంది. నిలబడ్డాను. కళ్ళు మూసుకోమంది. పడబోతుంటే ఇద్దరు పట్టుకున్నారు.

"మీ పాదాలు ఎక్కడున్నాయో మీ మెదడుకి కబురు అందడం లేదు. కళ్ళతో చూసి నెట్టుకొస్తున్నారు. అందుకే చీకట్లో పడిపోతున్నారు," అంది డాక్టరు. అప్పుడు సొరంగం సంగతి చెప్పాను. "అది షుగర్ ఒక్కదాని వల్ల అని నాకు అనిపించడం లేదు," అంది.

వెన్నెముకకి ఎం.ఆర్.ఐ. తీశారు. వెన్నుపాము వెనక భాగంలో మచ్చ కనిపించింది. మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"మీ తిండి సంగతి చెప్పండి. ఈ మధ్య ఏమైనా మార్చారా?"

"లేదండీ. పుట్టినప్పటి నుంచీ వెజిటేరియన్‌నే."

సింధు నాకేసి విచిత్రంగా చూసింది. "నాన్నా, యు ఆర్ వీగన్!"

"నేనెక్కడ వీగన్?"

"అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు పాలు ముట్టలేదు. పెరుగు లేదు, చీజ్ లేదు. ఫ్రాన్స్‌లో వెన్న కూడా వద్దన్నావు. మా ఫ్రెండ్స్‌కి కూడా గొప్పగా చెప్పాను, మా డాడ్ వీగన్ అయ్యాడు, ఫెయిర్ ప్లే టు హిమ్ అని!" ఇదంతా ఇంగ్లీషులోనే అంది. కోపం వస్తే ఆమెకు ఇంగ్లీషులో ఐరిష్ యాస ఇంకా పెరుగుతుంది.

"అది వీగన్ కాదమ్మా. అది కాశీలో వదిలింది."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సారీ, ఏది ఎక్కడ వదిలారు?"

చెప్పాల్సి వచ్చింది. వసుధ అస్థికలు గంగలో కలపడానికి కాశీ వెళ్ళినప్పుడు, అక్కడి ఆచారం ప్రకారం మనకు ఇష్టమైన తినే వస్తువు ఒకటి వదిలెయ్యాలి. ఇంక జన్మలో ముట్టకూడదు. నాతో వచ్చిన మా అన్నయ్య చెవిలో, "కాకరకాయ అనెయ్ రా, అందరూ అంతే," అన్నాడు. పురోహితుడు అడిగినప్పుడు నేను పాలు, పెరుగు అన్నాను. పాలతో అయ్యేవన్నీ. అన్నయ్య నాకేసి తిరిగి చూశాడు కానీ అప్పటికే నీళ్ళు వదిలేశాను. సింధుకి అప్పుడు టీచర్ ట్రైనింగ్ పరీక్షలు. రాలేదు. నేను చెప్పలేదు. ఆమె చూసింది, తనకు తెలిసిన పేరు పెట్టుకుంది. నేను దానికి ఆహారం అన్న పేరే పెట్టలేదు. జీపీ అడిగితే అందుకే గుర్తు రాలేదు.

డాక్టరు నా మందుల చీటీ తీసి చూసింది. తర్వాత, "బి12 మాంసంలో, గుడ్లలో, పాలలో ఉంటుంది. మీకు మిగిలింది పాలు ఒక్కటే. మెట్‌ఫార్మిన్ అందులోనూ కొంత ఒంటికి పట్టనివ్వదు. ఏదో ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదేమో," అంది. రక్తంలో అంకె నార్మల్ అంచున ఉన్నా లోపల నరాలకు అందకపోవచ్చునని, ఇంకో పరీక్షకి రక్తం పంపింది. ఫలితం కోసం ఆగకుండా ఆ సాయంత్రమే బి12 ఇంజెక్షన్ మొదలుపెట్టింది. ఫలితం వచ్చాక అదేనని తేలింది.

"నడుస్తానా?" అని అడిగాను.

"కొంత వెనక్కి వస్తుంది. ఎంతో చెప్పలేను. వచ్చేది ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే వస్తుంది. ఆ తర్వాత ఏది మిగిలితే అది."

బాగుపడటం బాగుపడటంలా లేదు. ఇంజెక్షన్లు మొదలైన కొద్ది రోజులకే పాదాలు మండసాగాయి. దుప్పటి తగిలినా భరించలేకపోయాను. మందు పడటం లేదనుకున్నాను. ఒక్కోసారి ఇలా ముదిరి తర్వాత తగ్గుతుందని డాక్టరు చెప్పింది కానీ, కాలుతున్నప్పుడు ఆ మాట చల్లగా లేదు. ఇంజెక్షన్ ఇచ్చే సిస్టర్ సునీత ఏలూరు అమ్మాయి. నన్ను మాటల్లో పెట్టడానికి చూసేది.

"అంకుల్, మా ఇంట్లో ఆదివారం చర్చి నుంచి రాగానే కోడికూర. మీరు ఒక్క ముక్క తిన్నా నాకీ డ్యూటీ తప్పేది కదా?"

"నీ డ్యూటీ తప్పించడానికి కోడిని చంపమంటావా?"

"అబ్బే, కోడి కాదు. గుడ్డు చాలు. రెండో చెయ్యి ఇవ్వండి."

నవ్వేవాణ్ణి. ఆమె వెళ్ళాక మళ్ళీ మంట.

ఇంటికి పంపిన రోజు సింధు కొట్టుకు వెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చి, గ్లాసులో పోసి నా ముందు పెట్టింది. "తాగు."

"ఇంజెక్షన్ చాలన్నారు కదమ్మా."

"ఒకటి మర్చిపోతే? మళ్ళీ మెట్ల మీద పడతావా? అమ్మ ఉంటే ఎంత రేజింగ్‌గా ఉండేదో తెలుసా? పెరుగు కోసం నన్ను అనాథని చేస్తావా?" అంది, మళ్ళీ ఇంగ్లీషులోనే.

అప్పుడు చెప్పాను. ఇక్కడి వంటిళ్ళ చలికి పాలు తోడుకోవు. వసుధ తోడు పెట్టిన గిన్నెను హాట్ ప్రెస్ అనే అలమరలో, వేడినీళ్ళ ట్యాంకు పక్కన, తువ్వాళ్ళ మధ్య పెట్టేది. చివరిసారి హాస్పిటల్‌కి వెళ్ళే పొద్దున కూడా పెట్టింది. దహనం అయిపోయి, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక, స్నానానికి తువ్వాలు తీయబోతే ఆ గిన్నె చేతికి తగిలింది. కాశీలో పురోహితుడు ఇష్టమైనది చెప్పమన్నప్పుడు నాకు అదే కనిపించింది. త్యాగం అనుకున్నాను. ఆ గిన్నెకేసి మళ్ళీ చూడకుండా ఉండటానికి అది ఒక మర్యాదైన దారి అని ఇప్పుడు అనిపిస్తోంది.

సింధు గ్లాసు వెనక్కి లాక్కుంది. తెలుగులో, "నాకు చెప్పొచ్చు కదా నాన్నా," అంది. తెలుగులో పూర్తి వాక్యం ఆమె నోట విని చాలా రోజులైంది. ఆ పాలు ఆమే తాగేసింది.

అన్నయ్యకి ఫోన్ చేస్తే రాజమండ్రి నుంచి తిట్టాడు. "ఆ రోజే చెప్పానా లేదా, కాకరకాయ అనరా అని! వినవు కదా. మందు కింద పుచ్చుకుంటే దోషం లేదంటారు, పంతులుగారిని కనుక్కోమంటావా?" వద్దన్నాను. వదిలింది వదిలినట్టే ఉండనిచ్చాను. ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను, డాక్టరు చెప్పిన బి12 కలిపిన సోయా పాలు తాగుతున్నాను. ఇంజెక్షన్ అయిన ప్రతిసారీ సింధుకి ఫోన్ చెయ్యాలన్నది మా ఒప్పందం.

వసంతానికి కర్ర లేకుండా నడిచాను. ఫిజియో నన్ను మెత్తటి స్పాంజి మీద నిలబెట్టి బ్యాలెన్సు నేర్పింది. ధైర్యం వచ్చి, ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా సైకిలు తీసి పార్కులోకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు వెలుతురు ఉంది. వచ్చేటప్పటికి లేదు. పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. న్యూరాలజిస్టు కట్టు చూసి, "వెలుతురు గురించి నేనేం చెప్పాను?" అని మాత్రం అడిగింది. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ పెట్టింది. చీలమండ దగ్గర అదురు తెలిసింది. బొటనవేలి దగ్గర లేదు. ఏడాది తిరిగాక కూడా అంతే. బొటనవేళ్ళు ఇంక తిరిగి రావని ఆమె నాకు అబద్ధం లేకుండా చెప్పింది.

ఇప్పుడు నా పరిస్థితి ఇది. చెర్రీవుడ్‌లో ఒంటరిగానే ఉంటున్నాను. సింధు కిల్కెన్నీలోనే, తన ఉద్యోగంలోనే ఉంది. అది దక్కింది. పాదాలకు పల్చటి మేజోళ్ళు ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది. కళ్ళు మూసుకుని మొహం కడుక్కోలేను, కుర్చీలో కూర్చుని కడుక్కుంటాను. మామూలు సైకిలు మానేశాను. ఈ వేసవిలో ఫ్రాన్స్‌లో మూడు చక్రాల సైకిలు అద్దెకు తీసుకుని, కాలవ గట్టు దారి మీద సింధుతో వెళ్ళాను. కార్లు లేని దారి కనుకే వెళ్ళగలిగాను. పాదాలు జారకుండా పెడల్స్‌కి పట్టీలు కట్టుకోవాలి, ఉన్నాయో లేవో మాటిమాటికీ కిందికి చూసుకోవాలి. అందువల్ల ఆ పల్లెలను నేను పెద్దగా చూడలేదు. సింధు ముందు వెళుతూ, కొంగ ఉంది, లాకు వస్తోంది, ఎవరో చేపలు పడుతున్నారు అని చెబుతూ పోయింది. విన్నాను.

ఇది చదివేవాళ్ళలో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, మాంసం ముట్టనివాళ్ళు చాలామంది ఉంటారు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. డాక్టర్లు ఏం తింటారని అడుగుతారు. ఏం మానేశారని సాధారణంగా అడగరు. మొక్కు కావచ్చు, శనివారాలు కావచ్చు, కాశీ కావచ్చు, పోయినవాళ్ళ కోసం కావచ్చు. మీ లెక్కలో అది తిండి సంగతి కాకపోవచ్చు, ఒంటి లెక్కలో మాత్రం అది తిండే. ఎందుకు మానేశారో చెప్పనక్కర్లేదు, అది మీ సొంతం. ఏం మానేశారో మాత్రం అడగకముందే చెప్పండి.